‘భాద’ కాదు, ‘బాధ’: ఒత్తు ఎందుకు తారుమారవుతోంది?

‘బాధ’ను ఇంతమంది ‘భాద’ అని ఎందుకు రాస్తున్నారని అడిగారు. ఖ, ధ, భ లాంటి ఒత్తు అక్షరాలు ఎక్కువగా సంస్కృతం నుంచి వచ్చిన మాటల్లోనే ఉంటాయి. మాట్లాడేటప్పుడు మనం వాటిని ఒత్తి పలకడం తక్కువ. చెవికి వినపడని ఒత్తును కన్నే గుర్తుపెట్టుకోవాలి, అది చదివితేనే వస్తుంది. పైగా ఫోన్‌లో ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి, కీబోర్డు చూపించిన మొదటి మాటే నొక్కేస్తున్నాం.

మొన్న మా వీధిలో ఒక ఫ్లెక్సీ మీద ‘శ్రద్దాంజలి’ అని ఉంది. ‘ద్ధ’ ఉండాలి. పోయిన మనిషి ఫొటో పక్కనే ఆ తప్పు చూసి మనసు చివుక్కుమంది.

‘అర్థం’ అంటే భావం, ‘అర్ధం’ అంటే సగం. ‘విధ్యార్ధి’ తప్పు, ‘విద్యార్థి’ ఒప్పు. అనుమానం వస్తే ఆంధ్రభారతి అనే ఆన్‌లైన్ నిఘంటువులో వెతకండి, ఒక్క నిమిషం పని.