భారతం కమిటీ చేపట్టిన అల్లుడికి

చిత్తూరు

అల్లుడికి మామ ఆశీస్సులు.

మన ధర్మరాజు గుడి దగ్గర మహాభారతాన్ని హరికథగా, నాటకంగా నడిపే భారతం ఉత్సవం కమిటీ ఈ ఏడు నీ చేతికి వచ్చిందని అక్క ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. నీ మెసేజ్ కూడా చూశాను. "18 రోజులు ఎవరు కూర్చుంటారు మామా, 5 రోజులకు కుదించి, మిగిలే డబ్బుతో ఒక రాత్రి ఆర్కెస్ట్రా పెడదామా?" అని అడిగావు. ఇలాంటివి ఫోన్లో తేలవు. అందుకే రాస్తున్నా. పొడుగైనా ఓపిగ్గా చదువు.

కుదించడం తప్పని నేననను. యుద్ధం 18 రోజులు, పర్వాలు 18, కాబట్టి ఉత్సవమూ 18 రోజులు చేస్తూ వచ్చారు. చిన్న ఊళ్లు అంతకన్నా తక్కువ రోజుల్లోనూ కానిచ్చేస్తున్నాయి. రోజులు తగ్గించుకో, కానీ కథ తెగనివ్వకు. మధ్యాహ్నం హరికథలో భాగవతారు చెప్పిన ఘట్టాన్నే రాత్రి వీధి నాటకంలో ఆడతారు కదా, ఆ ముడి విప్పావంటే మిగిలేది తిరునాళ్ల సంత. జూదం, వస్త్రాపహరణం ఎగరగొట్టి నేరుగా తపస్సు మాను, అదే అర్జునుడు తపస్సుకు ఎక్కే పొడవాటి కొయ్య స్తంభం, నిలబెడితే, ఆ అర్జునుడు అడవికి ఎందుకొచ్చాడో పిల్లలకు ఏం తెలుస్తుంది? ద్రౌపది జుట్టు విరబోసుకుని శపథం పట్టింది చూడనివాళ్లకు, దుర్యోధన వధ రోజు ఆమె దుర్యోధనుడి మట్టి బొమ్మ దగ్గర కొప్పు ముడుచుకుంటే అదేదో తంతులాగే కనిపిస్తుంది. చూసినవాళ్లకు మాత్రం ఒళ్లు గగుర్పొడుస్తుంది. కాబట్టి 10 రోజులు చేసినా బకాసుర వధ, ద్రౌపది కల్యాణం, వస్త్రాపహరణం, అర్జున తపస్సు, కృష్ణ రాయబారం, అభిమన్యుడు, కర్ణుడు, దుర్యోధన వధ, అగ్నిగుండం, పట్టాభిషేకం వరసలో ఉండాలి. ఏది ఏ రోజని భాగవతారుతో, నాటకం నేర్పి ఆడించే వాద్యారుతో ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టి రాయించుకో. విడివిడిగా మాట్లాడితే మధ్యాహ్నం ఈయన విరాటపర్వంలో ఉంటాడు, రాత్రి ఆయన కర్ణుణ్ణి చంపేస్తాడు.

ఆర్కెస్ట్రా వద్దు. ఆ రాత్రికి పోసే డబ్బుతో నాటకం బృందానికి ఇంకో మృదంగం, మంచి మైకులు వస్తాయి. పాటలకు ఊగాలని ఉంటే మన బఫూన్ చాలడా? నాటకంలో రాజుగారు నిద్రపుచ్చుతున్నాడు అనిపించిన ప్రతిసారీ జనాన్ని లేపి కూర్చోబెట్టేది వాడే. నిరుడు కరెంటు కోత మీద, మామిడి రేటు మీద వాడు వేసిన జోకులు ఇప్పటికీ టీ బంకు దగ్గర చెప్పుకుంటున్నారు.

తేదీల విషయం తొందరగా తేల్చు. మార్చిలో పదో తరగతి, ఇంటర్ పరీక్షలు ఉంటాయి, అప్పుడు మైకు పెడితే తల్లులే వచ్చి తిడతారు. మే దాటిందంటే తోతాపురి మామిడి కోతలు మొదలవుతాయి. తోటల్లో, గుజ్జు ఫ్యాక్టరీల్లో పనికి పోయే ఊరు రాత్రంతా మేలుకోలేదు. మే నెలలోనే తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర, చిత్తూరులో నడివీధి గంగమ్మ జాతర పడతాయి. పలకలు వాయించేవాళ్లు అటు వెళ్లిపోతారు. పైగా తిరుపతిలో జాతర చాటింపు వేశాక ఊరి పొలిమేర దాటకూడదన్న కట్టు ఉంది, అక్కడి మన చుట్టాలు అగ్నిగుండానికి రాలేరు. ఉగాది పోయాక, పరీక్షలు ముగిశాక, జాతరలకు ముందు దొరికే ఆ కొద్ది వారాల కోసం అన్ని ఊళ్లూ పోటీ పడతాయి. మంచి బృందానికి సంక్రాంతికే తాంబూలం ఇచ్చి ఖాయం చేసుకోవాలి. ఈసారికి ఆలస్యమైంది కాబట్టి దొరికినవాళ్లతో సర్దుకో, వచ్చే ఏటిది మాత్రం ఈ ఉత్సవంలోనే మాట్లాడుకో.

పాలు పితికే వేళ కూడా లెక్కలోకి తీసుకో. మన ఊళ్లో సగం ఇళ్లు ఆవుల మీద బతుకుతున్నాయి, తెల్లారేసరికి పాల వ్యాను వస్తుంది. నాటకం ఎంత రక్తి కట్టినా వ్యాను రాకముందే మంగళం పాడించు. లేకపోతే చివరి ఘట్టానికి ముందు వరుసలో ఆడవాళ్లు ఒక్కరూ మిగలరు.

మైకు గురించి పోలీసులు ఎలాగూ అడుగుతారు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు కూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో ఉంది. పండగల కోసం ప్రభుత్వం 12 గంటల దాకా సడలింపు ఇవ్వొచ్చు గానీ, అదీ ఏడాదికి 15 రోజులకు మించకూడదు. మన నాటకం చూస్తే రాత్రంతా నడిచేది. చెట్టుకు కట్టే గొట్టం మైకులు ఈసారి తీసెయ్. 10 తర్వాత మైకు కట్టేసి, జనాన్ని దగ్గరగా కూర్చోబెట్టి, గొంతుతోనే ఆడించు. పాత బృందాలకు మైకు అక్కర్లేని గొంతులున్నాయి. స్టేషనుకు నువ్వే స్వయంగా వెళ్లి, ఏ రోజు ఏముందో కాగితం రాసి ఇవ్వు. కరెంటు ఆఫీసులో తాత్కాలిక కనెక్షన్ తీసుకో. స్తంభానికి కొక్కెం తగిలించే అలవాటు మన ఊళ్లో ఇంకా పోలేదు, అది ఎవరి ప్రాణం మీదకు తెస్తుందో తెలీదు.

బకాసుర వధ రోజు పిల్లలది. బండి నిండా అన్నం, పప్పు, అరటిపండ్లు పెట్టుకుని భీముడు వీధి వీధీ తిరుగుతాడు, వెనక పిల్లలు. ఆ బండి అన్ని వీధులకూ పోవాలి. దళితవాడకు పోకుండా మలుపులోనే వెనక్కి తిప్పే రోజులు నేను చూశాను. "ఆచారం" అన్నారు. నీ హయాంలో అది జరగకూడదు. ఊరేగింపు దారి ముందే అందరికీ చెప్పి, గోడ మీద రాయించు. గొణిగేవాళ్లు ఉంటారు. వాళ్లతో మైకులో వాదించకు, ఇంటికెళ్లి కాఫీ తాగి మాట్లాడు. అందరి ఇళ్ల బియ్యంతో నడిచే ఉత్సవంలో స్వామి కొందరి గడప తొక్కడనడానికి ఎవరి దగ్గరా జవాబు లేదు.

అర్జున తపస్సుకే నాకు టెన్షన్ ఎక్కువ. మాను ఎక్కేది మనిషి, అదీ కిరీటం, భుజకీర్తులతో, పద్యాలు పాడుకుంటూ. మాను పురుగు తినలేదని వడ్రంగితో చూపించు. మెట్ల కొయ్యలు కొత్తవి కొట్టించు, పాతవాటి మీద రంగు పూసి పెట్టకు. నాలుగు వైపులా మోకులు కట్టి, ప్రతి మోకు దగ్గరా ఒక మనిషిని నిలబెట్టు. మాను లేపే ముందు లైన్‌మన్‌ను పిలిచి సరఫరా ఆపించు, తీగల దరిదాపుల్లో గుంట తవ్వనే వద్దు. నటుడి నడుముకు దట్టీ కింద తాడు కట్టమంటే మొదట ఒప్పుకోడు, నామోషీ అంటాడు. వాద్యారు చేత చెప్పించు. పైనుంచి ఆయన విసిరే నిమ్మకాయలు, విభూతి, పూల కోసం జనం ఎగబడతారు. ఆ తోపులాటలో మోకు పట్టుకున్నవాడు కూడా నిమ్మకాయ కోసం పరిగెత్తకుండా చూసుకో!

ఆ మాను కింద సంతానం కోసం వరపడే, అంటే నేల మీద పడుకుని వరం కోరుకునే ఆడవాళ్లు ఉంటారు. తడి చీరలతో, ఎండలో, నేల మీద. వాళ్ల చుట్టూ తాడు కట్టి లోపల ఆడవాళ్లనే ఉంచు. నేల బాగా తడిపించు, పైన పందిరి వెయ్యి, మజ్జిగ, నీళ్లు సిద్ధంగా పెట్టు. ఫోన్లు, డ్రోన్లు ఆ వైపు తిరగకూడదని గట్టిగా చెప్పు. వాళ్ల బాధ వాళ్లది, అది ఎవరి స్టేటస్‌కో వీడియో కాకూడదు. ఇంకో మాట, "ఇక్కడ వరపడితే ఆసుపత్రులతో పని లేదు" అని మైకు పట్టుకున్నవాడు నోరు జారకుండా చూడు. మొక్కు మొక్కే, వైద్యం వైద్యమే.

దుర్యోధనుడి బొమ్మకు మట్టి ముందుగానే తోలించు. మన ఊళ్లో పడుకున్న దుర్యోధనుడి పొట్ట మీద నలుగురు నిలబడొచ్చు, అంత మట్టి ఒక్కరోజులో కలిపితే పగుళ్లు వస్తాయి. వేసవిలో సాయంత్రం గాలివాన ఎప్పుడొచ్చేదీ తెలీదు, టార్పాలిన్ పట్ట దగ్గర పెట్టుకో. తొడలో పాతే కుండలోని ఎర్రనీళ్లు పసుపు, సున్నం కలిపినవే ఉండాలి. కెమికల్ రంగులు పోస్తే ద్రౌపది వేషం వేసిన మనిషి చేతులు, జుట్టు పాడవుతాయి. భీముడు, దుర్యోధనుడు జనంలో పడి పరిగెత్తేటప్పుడు దారి వదిలేలా వాలంటీర్లను పెట్టు. గద కట్టెదే, తగిలితే దెబ్బే. ఘట్టం అయ్యాక మట్టి కోసం జనం మీద పడతారు. ఆడవాళ్లకో వైపు, మగవాళ్లకో వైపు వదులు.

అదే సాయంత్రం అగ్నిగుండం. దీక్షకు గుర్తుగా చేతికి కాపు కట్టుకుని, పేరు రాయించుకున్నవాళ్లే దిగాలి. అప్పటికప్పుడు ఉత్సాహం పుట్టి దూకేవాళ్లను, ముఖ్యంగా తాగి వచ్చేవాళ్లను, గుండం దరికి రానివ్వకు. చింత మొద్దులు వాడు, మేకులున్న పాత తలుపులూ దూలాలూ వద్దు. ఆలస్యమైందని కిరసనాయిల్ పొయ్యనివ్వకు. మధ్యాహ్నమే అంటించి, మంట పూర్తిగా చచ్చి కణకణలాడే నిప్పులయ్యాక పొడవాటి కర్రలతో సమంగా పరిపించు. పైపైన ఉన్న బూడిద పోయేలా విసిరించు. ఒకరు అవతలి గట్టు ఎక్కాకే ఇంకొకరిని దింపు. మధ్యలో ఒకడు తూలితే వెనక వచ్చేవాడు వాడి మీదే పడతాడు. చంకలో పసిపిల్లలతో దిగే మొక్కును నువ్వు ఒప్పుకోవద్దు, పూజారి ఒప్పుకున్నా సరే. ఫైరింజన్ కోసం ముందే అర్జీ పెట్టు. 108 బండి నిలబడేందుకు గుడి వెనక దారి ఖాళీగా ఉంచు, అక్కడ బైకులు పెట్టనివ్వకు. కాళ్లు కాలితే పేస్టు, సిరా, పసుపు పూయకుండా 20 నిమిషాలు చల్లటి నీళ్లు పోయాలి. కుళాయి గొట్టం అవతలి గట్టు దాకా లాగించు.

డబ్బు గురించి రెండు మాటలు. ప్రతి రోజుకూ ఉభయదారులు, అంటే ఆ రోజు ఖర్చు పెట్టుకునే కుటుంబాలు ఉంటారు, ఆ పట్టిక గుడి గోడ మీద ఉంది. ఉభయం ఇచ్చే కుటుంబాలు విడిపోతే ఈ ఏడు అన్న, వచ్చే ఏడు తమ్ముడు అని వాళ్లనే తేల్చుకోమను, నువ్వు తీర్పు చెప్పకు. తాంబూలం ముందు ఎవరికన్న గొడవ తప్పదు. పాత పట్టిక చూపించి ఊరుకో. స్కానర్ నీ సొంత ఖాతాకు పెట్టకు, ముగ్గురి పేర్ల మీద ఖాతా తెరిచి దానికే పెట్టించు. ఖర్చు ఏ రోజుది ఆ రోజు నల్లబోర్డు మీద రాసెయ్. ఖర్చు తగ్గించాలంటే ముందు ఫ్లెక్సీలు తగ్గించు. రోడ్డుకు రెండు వైపులా మన మొహాలే కనిపిస్తే ధర్మరాజు ఏ గుడిలో ఉన్నాడో వెతుక్కోవాలి.

నాటకంవాళ్లకు రాత్రి నిద్ర ఉండదు, పగలు పడుకోవాలి. బడిలో రెండు గదులు అడుగు, ఫ్యాన్లు పనిచేస్తున్నాయో లేదో వేసి చూడు. ముఖానికి రంగు వేసుకుని తెల్లవార్లూ చెమటలో ఉంటారు, స్నానానికి నీళ్లు తక్కువ కాకూడదు. భోజనం వేడిగా పెట్టించు. ఒప్పుకున్న మొత్తం పట్టాభిషేకం రోజు ఉదయమే లెక్కపెట్టి ఇచ్చెయ్. సాయంత్రానికి వాయిదా వేస్తే కమిటీలో ఎవరికి వాళ్లు ఊళ్లకు జారుకుంటారు, నాటకంవాళ్లేమో బస్టాండులో కూర్చుంటారు.

పాత లెక్కల పుస్తకాలు, బృందాల ఫోన్ నంబర్లు, పెద్ద రాగి గంగాళం నా దగ్గరే ఉన్నాయి. ఆదివారం ఎవరినైనా ఆటో ఇచ్చి పంపు, గంగాళం బైకు మీద రాదు. ధ్వజారోహణానికి అత్తా నేనూ ముందు రోజే వస్తాం. నాకు ఏ పనీ అప్పజెప్పకు, హరికథ దగ్గర నీడలో ఒక కుర్చీ వేయించు చాలు.

ఇట్లు
మీ మామ