జీతం అడగాలా, ఉద్యోగం మారాలా? ముందు ఈసీజీ తీయించుకోండి

ప్రశ్న: నా వయసు 34. మాది కర్నూలు జిల్లా. బెంగళూరు మారతహళ్లిలో ఉంటూ ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాను. రెండేళ్లుగా జీతం పెరగలేదు. మేనేజరును అడుగుదామంటే గుండె దడ. మరో కంపెనీ ఎక్కువ జీతం ఇస్తామంటోంది, కానీ పూర్తిగా రాత్రి షిఫ్టు. మూడు నెలలుగా నిద్ర సరిగా లేదు. ఆదివారం సాయంత్రమైతే ఛాతీ పట్టేసినట్లు ఉంటోంది. ఆఫీసులో పెట్టిన వైద్య శిబిరంలో బీపీ 146/94 వచ్చింది. నాన్నకు 52 ఏళ్లకే గుండెపోటు వచ్చింది. అమ్మానాన్నలిద్దరూ నా ఆఫీసు బీమాలోనే ఉన్నారు. నా ఆరోగ్యానికి ఏది మంచిది?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: ఆ సంగతి ఈ వారం తేల్చకండి. ఛాతీ పట్టేయడాన్ని మీరు ఆఫీసు ఒత్తిడి ఖాతాలో వేసేశారు. నాకు భయం అక్కడే. తండ్రికి 55 ఏళ్లలోపు గుండెపోటు వస్తే కొడుక్కి ముప్పు ఎక్కువని మేం లెక్కిస్తాం. రేపే ఒక ఫిజీషియన్‌ను కలిసి ఈసీజీ తీయించుకోండి. కొలెస్ట్రాల్, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు చక్కెర), థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించండి. థైరాయిడ్ అతిగా పనిచేసినా దడ, నిద్రలేమి వస్తాయి. మెట్లెక్కేటప్పుడు నొప్పి వచ్చినా, అది చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టినా వెంటనే 108కి ఫోన్ చేయండి. పేరున్న ఆసుపత్రే కావాలని ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో బండి నడుపుకుంటూ వెళ్లవద్దు.

శిబిరంలో ఒక్కసారి చూసిన బీపీతో నిర్ధారణకు రాలేం. మోచేతికి పైన కట్టే డిజిటల్ బీపీ యంత్రం కొనుక్కోండి. ఏడు రోజులపాటు ఉదయం కాఫీకి ముందు, మళ్లీ సాయంత్రం, అయిదు నిమిషాలు కూర్చున్నాక రెండేసిసార్లు చూసి రాసుకోండి. మొదటి రోజు అంకెలు వదిలేసి, మిగతావాటి సగటు 135/85 దాటితే చికిత్స గురించి డాక్టరుతో మాట్లాడాలి.

ఇక ఉద్యోగం సంగతి. జీతం రేపే పెరిగిందనుకోండి, ఆదివారం సాయంత్రం ఆ బిగువు తగ్గుతుందా? తగ్గుతుందనిపిస్తే మిమ్మల్ని కుంగదీస్తున్నది గుర్తింపు లేకపోవడం, డబ్బు ఇబ్బంది. అడిగి తీరాలి. తగ్గదనిపిస్తే అసలు కారణం పనిభారం, వేళాపాళా లేని కాల్స్. అప్పుడు జీతం ఒక్కటే అడిగితే చాలదు, రాత్రి తొమ్మిది తర్వాత కాల్స్ లేకుండా చూడమని కూడా అదే సమావేశంలో అడగండి. చాలామంది ఈ రెండోది అడగడానికే మొహమాటపడతారు. నా దృష్టిలో మీకు దాని అవసరమే ఎక్కువ.

అడిగేముందు వచ్చే దడ అడ్రినలిన్ అనే హార్మోన్ పని. రెండేళ్లలో మీరు పూర్తిచేసిన పనులు కాగితం మీద రాసుకుని, మిత్రుడి ముందు రెండుసార్లు పైకి చెప్పి చూడండి. నోరు అలవాటు పడితే దడ చాలావరకు సర్దుకుంటుంది. స్నేహితులు ఇచ్చారని, మందుల షాపులో దొరికిందని ఆందోళన మాత్రలు మాత్రం వేసుకోకండి. అల్‌ప్రాజొలామ్ వంటివి తొందరగా అలవాటవుతాయి. ఫిల్టర్ కాఫీ మధ్యాహ్నం రెండు తర్వాత మానేయండి. తాగిన కెఫీన్‌లో సగం దాదాపు అయిదు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. దిగులు వదలకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. బెంగళూరులోనే మానసిక వైద్యానికి పేరున్న నిమ్హాన్స్ ఆసుపత్రి కూడా ఉంది.

రాత్రి షిఫ్టు ఉద్యోగం ఇప్పటికి వద్దనే నా సలహా. రాత్రి నిద్రలో రక్తపోటు పగటికంటే 10 నుంచి 20 శాతం తగ్గాలి. గుండెకు, రక్తనాళాలకు దొరికే విశ్రాంతి అదే. మీ బీపీ, మీ నాన్నగారి చరిత్ర చూస్తే ఎక్కువ జీతం కోసం దాన్ని వదులుకోమని నేను చెప్పలేను.

పగటి ఉద్యోగమే దొరికి మారాల్సి వచ్చినా, రాజీనామాకు ముందే అమ్మానాన్నల బీమా చూసుకోండి. ఉద్యోగం వదిలితే ఆఫీసు పాలసీ రక్షణ ఆగిపోతుంది. కొత్తగా సొంత పాలసీ తీసుకుంటే పాత జబ్బులకు మూడేళ్ల వరకు నిరీక్షణ కాలం ఉండవచ్చు, అంటే ఆలోగా వాటి చికిత్స ఖర్చు బీమా ఇవ్వదు. అదే బీమా సంస్థలో సొంత పాలసీకి మారే వీలుందేమో, ఇప్పటిదాకా గడిచిన కాలం లెక్కలోకి వస్తుందేమో అడగండి. కొత్త కంపెనీ పాలసీలో తల్లిదండ్రులను చేరుస్తారో లేదో కూడా ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టకముందే తెలుసుకోండి.

ఆ కంపెనీ వాళ్లు పగటి షిఫ్టుకు ఒప్పుకుంటే, వారం బీపీ అంకెలు, ఈసీజీ రిపోర్టు జతచేసి మళ్లీ రాయండి. అప్పుడు నా జవాబు వేరుగా ఉండవచ్చు.