బడీ మాన్పించకండి, ఈతా మాన్పించకండి

ఒక అమ్మ రాశారు: "మావాడు తొమ్మిదో తరగతి. తెల్లవారుజామున ఐదింటికల్లా పూల్‌లో ఉంటాడు. 1500 మీటర్ల ఫ్రీస్టైల్ అంటే ప్రాణం, గోడ మీద ఉక్రెయిన్ స్విమ్మర్ మిఖైలో రోమన్‌చుక్ ఫొటో. వాళ్ల నాన్న ఇంటర్ ఎంపీసీ, రెసిడెన్షియల్ అంటున్నారు. ఒక కన్సల్టెన్సీ వాళ్లేమో ఇప్పుడే డమ్మీ అడ్మిషన్ (పేరుకే చేరిక, బడికి వెళ్లక్కర్లేదు) తీసుకుని అమెరికా స్కాలర్‌షిప్‌కి తయారు చేద్దామంటున్నారు. ఏది మంచిది? టైమ్ తగ్గని రోజు టెన్షన్‌తో నేను వాడితో మాట్లాడలేకపోతున్నాను."

అమ్మా, ఈ ప్రశ్న నాకు ఏటా వస్తుంది, ఆట పేరు మారుతుందంతే. మీ అసలు భయం ఎంపీసీ గురించి కాదు, వాడు రెంటికీ చెడితే అందరూ మిమ్మల్నే అంటారని. చెడడు. ఎవరూ లేపకుండా నాలుగున్నరకే లేచి బ్యాగ్ సర్దుకునే పిల్లాడు ఏ చదువైనా చదువుకోగలడు.

ఇక రోమన్‌చుక్ సంగతి. సొంతూరు రివ్నె, పెద్ద నగరమేం కాదు. టోక్యో ఒలింపిక్స్‌లో 800 మీటర్ల హీట్స్‌ని, అంటే ఫైనల్‌కి ముందు జరిగే తొలి రౌండ్‌ని, 7 నిమిషాల 41.28 సెకన్లలో ఈది ఒలింపిక్ రికార్డు కొట్టాడు. రెండు రోజుల తర్వాత ఫైనల్లో అమెరికా కుర్రాడు ఫింకే 7:41.87కి బంగారం పట్టుకెళ్లాడు, రోమన్‌చుక్‌కి 7:42.33తో కాంస్యం. అంటే బంగారం టైమ్ కంటే వేగంగా ఈదినవాడు మూడోవాడయ్యాడు! మరి మీవాడికి ఒక ఉదయం టైమ్ తగ్గకపోతే మాట్లాడటం మానేస్తారా? కోపం వచ్చినా సరే చెప్తున్నాను, అది తప్పు. 1500లో అతనికి రజతం వచ్చింది. తర్వాతి ఏడాది యుద్ధం మొదలైంది, తండ్రి సైన్యంలో ఉన్నాడు, ఇతను జర్మనీలోని మాగ్డెబర్గ్ వెళ్లి, టోక్యో 1500లో తన వెనకే కాంస్యం గెలిచిన వెల్‌బ్రోక్‌తో కలిసి ప్రాక్టీస్ చేశాడు. ఆ ఆగస్టులోనే రోమ్‌లో యూరప్ ఛాంపియన్‌షిప్ 1500 మీటర్ల స్వర్ణం. ఇవన్నీ పదో తరగతిలో ఎవరు ప్లాన్ వేయగలరు?

అమెరికా దారి మీద మాత్రం నాకు చాలా అనుమానాలున్నాయి. ఫింకే ఫ్లోరిడా యూనివర్సిటీ నుంచి వచ్చినవాడే, కాదనను. కానీ ఫీజు మొత్తం మాఫీ అయ్యేది కొద్దిమందికే, కొన్ని కాలేజీలు మగపిల్లల ఈత టీములే ఎత్తేశాయి. పైగా అక్కడి కాలేజీ పోటీలు ఎక్కువగా 25 గజాల పూల్‌లో జరుగుతాయి, మీవాడు అలవాటు పడ్డ 50 మీటర్ల పూల్ కాదు. అన్నిటికంటే ముఖ్యం, అక్కడ పోటీకి దిగనివ్వాలంటే తొమ్మిది నుంచి పన్నెండు వరకు మార్కులు, సబ్జెక్టులు చూస్తారు. అలాంటప్పుడు తొమ్మిదిలోనే బడి మాన్పించి డమ్మీలో పెట్టమనేవాళ్లకి ఆ రూల్ తెలియదా, తెలిసే మీకు చెప్పలేదా?

వాళ్ల నాన్నగారిని కూడా కూర్చోబెట్టి చెప్పండి, ఎంపీసీకి నేను అడ్డు కాదు, రెసిడెన్షియల్ మాత్రం వద్దు, పూల్‌కి దగ్గర్లో డే కాలేజీ చూడండి. కన్సల్టెన్సీకి అడ్వాన్స్ కట్టి ఉంటే ఈ వారమే వెనక్కి అడగండి. రేపు పొద్దున స్టాప్‌వాచ్ ఇంట్లోనే వదిలేసి, వాడికిష్టమైన టిఫిన్ కట్టుకుని పూల్‌కి వెళ్లండి.