పేరు పెట్టడానికి తొందరపడకు

చిరంజీవి అమ్మలుకు, పెద్దమ్మ ఆశీస్సులు.

ఋషికొండ ఆఫీసులో గుండె దడ వచ్చి, ఊపిరి ఆడక నువ్వు మీటింగు మధ్యలో బయటికి వచ్చేశావనీ, డాక్టరుగారు ఈసీజీ తీసి అది ఆందోళన వల్ల వచ్చిన దడేనన్నారనీ మీ అమ్మ చెప్పింది. ఇకమీదట స్మార్ట్‌వాచీ తీసేసి, రోజూ తెల్లవారుజామున బీచ్ రోడ్డులో కూర్చుని, శరీరం లోపలి సంగతులు గమనించడం నేర్చుకుంటానన్నావట. నీ వయసులో ఆ ఆలోచన వచ్చినందుకు గర్వపడ్డాను. నర్సుగా ఉద్యోగమంతా వార్డుల్లోనే గడిపినదాన్ని కాబట్టి భయపడ్డాను కూడా.

కూర్చోవడం గురించి చెప్పేదేమీ లేదు. కడుపు తేలికగా ఉన్నప్పుడు, ఎండ ఎక్కకముందు, నడుము నిటారుగా పెట్టి పది నిమిషాలు కూర్చుంటే చాలు.

నువ్వు నేర్చుకోబోయే దానిని వైద్యులు ఇంటెరోసెప్షన్ అంటారు. లోపలి అవయవాల నుంచి వచ్చే సమాచారాన్ని ఇంగ్లండు శరీరశాస్త్రవేత్త షెరింగ్టన్ 1906లోనే విడిగా గుర్తించి చెప్పాడు. గుండె, ఊపిరితిత్తులు, పేగులను మెదడుతో కలిపే వేగస్ నాడిలో దాదాపు ఐదింట నాలుగు వంతుల తంతువులు కింది నుంచి పైకే వార్తలు మోస్తాయి. ఆ వార్తలు చేరే చోట్లలో మెదడులోని ఇన్సులా అనే భాగం ముఖ్యమైనది, మన భావోద్వేగాలలోనూ దానికి పాత్ర ఉంది. అందుకే మధ్యాహ్నం అన్నం మానేసిన రోజు సాయంత్రం మీ అమ్మ మీద నీకు వచ్చే కోపంలో సగం ఆకలే అయి ఉంటుంది. ఆ సంగతి అప్పటికప్పుడు తెలిస్తే ముందు అన్నం తింటావు, మాట్లాడేది తరువాత మాట్లాడతావు.

ఇక నా భయం సంగతి. మీ పెదనాన్నగారు ఒక ఆషాఢంలో సింహాచలం గిరిప్రదక్షిణకు వెళ్లారు. కొండ కింద తొలిమెట్టయిన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరితే ముప్ఫై రెండు కిలోమీటర్లు. నేను ఆ రాత్రి డ్యూటీలో ఉన్నాను. ఆయన తన శరీరాన్ని పట్టించుకోని మనిషి కాదు. దారిలో బీచ్ పక్కనున్న అప్పుఘర్ దాటేసరికి ఛాతీలో బరువు, దవడ కింద లాగుతున్నట్లు ఉండడం, ఒళ్లంతా చెమట, అన్నీ ఆయనకు స్పష్టంగా తెలిశాయి. తెలిసిన వెంటనే గ్యాస్ అని పేరు పెట్టేశారు. నిమ్మసోడా తాగారు, ఒక త్రేన్పు వచ్చింది, కొంత తేలికపడినట్లు అనిపించింది, ఇక ఆ పేరు ఖాయమైపోయింది. ఆ ఉక్కపోతలో పక్కన నడిచే వాళ్లందరూ తడిసి ముద్దయి ఉన్నారు కాబట్టి తన చెమట వేరని ఆయనకు తోచలేదు. పైగా మధుమేహం. చాలా ఏళ్లుగా చక్కెర వ్యాధి ఉన్నవారిలో నాడులు దెబ్బతిని గుండెపోటు నొప్పి మందకొడిగా రావచ్చు, అసలు రాకనూ పోవచ్చు. నొప్పి పెద్దగా లేదు కదా అని ప్రదక్షిణ పూర్తి చేసి, ఇంటికి వచ్చి, స్నానం చేసి పడుకున్నారు. మర్నాడు ఆసుపత్రికి తీసుకువెళ్లేసరికి గుండె కండరం కొంత శాశ్వతంగా పోయింది. ప్రాణం దక్కింది గాని, ఆ తరువాత ఆయన కొండమెట్లు ఎక్కలేదు. దైవకార్యం మధ్యలో ఎలా ఆపుతామని ఆయన అన్నప్పుడల్లా నాకు కోపమూ వచ్చేది, కన్నీళ్లూ వచ్చేవి.

కాబట్టి తల్లీ, ముందు ఉన్నది ఉన్నట్లు చెప్పుకో: ఎక్కడ, ఎంత, బిగువా మంటా బరువా, పెరుగుతోందా తగ్గుతోందా. గ్యాస్, టెన్షన్, నీరసం లాంటి పేర్లు ఆ తరువాత.

తొందరపడి పేరు పెట్టడం ఒక ప్రమాదమైతే, అతిగా గమనించడం రెండోది, నీకు ఆ రెండోదే ఎక్కువ. దడకు భయపడినవాళ్లు గుండె మీదే ధ్యాస పెడితే ప్రతి చప్పుడూ ముప్పులా వినిపిస్తుంది, ఆ భయంతో దడ ఇంకా పెరుగుతుంది. నాడి పట్టుకోకుండా గుండె చప్పుళ్లు లెక్కపెట్టే పరీక్ష 1981 నుంచీ ప్రయోగశాలల్లో ఉంది. అందులో చాలామంది నిజంగా చప్పుడు విని కాక అంచనాతోనే లెక్క చెబుతారని తరువాతి పరిశోధకులు తప్పుపట్టారు, కనుక దానితో నిన్ను నువ్వు తూచుకోకు. మొదట అరికాళ్ల కింద ఇసుకతో, అరచేతుల వెచ్చదనంతో మొదలుపెట్టు, గుండె దగ్గరకు నెమ్మదిగా రావచ్చు. దడ మొదలైతే కళ్లు తెరిచి అలల చప్పుడు విను, ఊపిరి పీల్చేదానికన్నా వదిలేది పొడవుగా ఉండనీ. ఊపిరి వదిలేటప్పుడు వేగస్ నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది.

అయితే ఛాతీలో బరువు, దవడకో చేతికో పాకే నొప్పి, చెమటతో కూడిన వికారం, ఎప్పుడూ లేని ఆయాసం వస్తే గమనిస్తూ కూర్చోవద్దు, 108కి ఫోను చెయ్యి. ఆడవాళ్లలో ఛాతీ నొప్పి లేకుండా ఆయాసం, వికారమే ముందు రావచ్చు. అది మామూలు దడే అని తేలితే ఎవరూ నిన్ను తప్పుపట్టరు, పట్టినా నేనున్నాను.

ఇంకొకటి. రక్తం తక్కువైనా, థైరాయిడ్ ఎక్కువైనా దడ వస్తుంది. ఈసీజీ ఒక్కటీ చాలదు. మీ అమ్మమ్మకూ మీ అమ్మకూ చక్కెర వ్యాధి ఉంది కాబట్టి ఆ పరీక్ష కూడా కలిపి మూడూ ఈ వారంలోనే చేయించుకుని, రిపోర్టులు నాకు పంపు.

నీ పెద్దమ్మ