డైవింగ్ వాచీలోకి నీళ్లొస్తే వారంటీ లేదంటున్నారు

ప్రశ్న: మాది విశాఖపట్నం. నవంబరులో ఇక్కడి షోరూంలో రూ.68,000 పెట్టి స్టీలు డైవింగ్ వాచీ కొన్నాను. కొత్తదే కానీ చూడ్డానికి పాతకాలం మోడల్‌లా ఉంటుంది. డయల్ మీద ‘డైవర్స్ 200 ఎం’ అని రాసి ఉంది. ఏడు నెలలకు రుషికొండలో ఈత కొట్టి వచ్చాక అద్దం లోపల ఆవిరి పట్టింది. సర్వీస్ సెంటర్‌లో ఇస్తే ‘మీరు క్రౌన్ (వాచీ పక్కనుండే గుండీ) బిగించలేదు, నీటి వల్ల వచ్చిన నష్టానికి వారంటీ లేదు, రిపేరుకు రూ.21,500 అవుతుంది’ అంటున్నారు. వివాదాలన్నీ ముంబై కోర్టుల్లోనే తేల్చుకోవాలని వారంటీ కార్డులో ఉంది. ఇంకో అనుమానం. అంకెల మీద రేడియం పసుపు రంగులో ఉంది. పాత స్టాకు అంటగట్టారా? కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. కానీ దానికంటే ముందు సర్వీస్ సెంటర్‌కి ఇవాళే ఒక ఈమెయిల్ పెట్టండి: ‘రిపేరుకు నేను ఒప్పుకోవడం లేదు, వాచీ విప్పొద్దు, ఉన్నది ఉన్నట్టు తిరిగివ్వండి’ అని. టెన్షన్‌లో డబ్బు కట్టేసి రిపేరు చేయించుకున్నాక నా దగ్గరికి వచ్చేవాళ్లే ఎక్కువ. లోపలి మిషను, రబ్బరు వాషర్లు మార్చేశాక తప్పు ఎవరిదో చెప్పగలిగే సాక్ష్యం వాళ్ల చెత్తబుట్టలోకి పోతుంది. ఇప్పటికే విప్పేసి ఉంటే, తీసిన పాత భాగాలన్నీ కవర్లో పెట్టి ఇమ్మని రాతపూర్వకంగా అడగండి.

పసుపు రంగు సంగతి వదిలేయండి. 1953లో వచ్చిన బ్లాంక్‌పెయిన్ ఫిఫ్టీ ఫాథమ్స్ లాంటి తొలినాటి డైవింగ్ వాచీల్లో చీకట్లో మెరవడానికి నిజంగానే రేడియం పూసేవారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ పూత పసుపెక్కింది. ఇప్పటి పూతల్లో రేడియం లేదు, మనం పాత అలవాటు కొద్దీ రేడియం అంటున్నాం అంతే. వయసు మళ్లిన ఆ రంగు మీద మోజున్నవాళ్ల కోసం కంపెనీలే కావాలని మీగడ రంగు కలుపుతున్నాయి. అది లోపం కాదు. ఫిర్యాదులో ఈ ముక్క చేర్చితే మీ గట్టి పాయింటు కూడా పలచబడుతుంది.

ఇక నీటి మాట. గొడుగు అమ్మి, వానలో తడిస్తే మా పూచీ లేదన్నట్టుంది వాళ్ల వాదన. డయల్ మీద ఉత్త ‘వాటర్ రెసిస్టెంట్’ అని కాక ‘డైవర్స్’ అని రాయడం చిన్న విషయం కాదు. ఐఎస్ఓ 6425 అనే అంతర్జాతీయ ప్రమాణానికి నిలిచిన వాచీల మీద వేసే మాట అది. దాని ప్రకారం రాసిన లోతుకు 25 శాతం ఎక్కువ ఒత్తిడి పెట్టి పరీక్షించాలి. అంటే మీ వాచీ 250 మీటర్ల లోతుకు సమానమైన ఒత్తిడి తట్టుకోవాలి. రుషికొండలో మీరు ఈదిన లోతు దాని ముందు ఏపాటిది? అమ్మేటప్పుడు చెప్పిన నాణ్యత వస్తువులో లేకపోతే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 దాన్ని లోపంగానే చూస్తుంది.

చిక్కంతా క్రౌన్ దగ్గరే ఉంది. పక్కనుండే ఆ గుండీని మర తిప్పి బిగిస్తేనే లోపలి వాషర్ నొక్కుకుని నీటిని ఆపుతుంది. ఆ రోజు పొద్దున టైమో తేదీయో సరిచేశారా? అవతలి లాయరు మొదట అడిగేది అదే. నాకు మాత్రం నిజం చెప్పండి. నిజంగా బిగించడం మర్చిపోయి ఉంటే కేసు నిలబడదు.

వాచీ తీసుకున్నప్పుడు సర్వీస్ సెంటర్ రాసిచ్చిన జాబ్ షీట్ ఫొటో మీరు పంపారు, చూశాను. ‘గ్లాసు లోపల ఫాగ్, బ్రేస్‌లెట్ మీద గీతలు’ అని ఉంది. గీతల్ని కూడా వదలకుండా రాసినవాళ్లు క్రౌన్ గురించి ఒక్క ముక్క రాయలేదు. ఐదు రోజుల తర్వాత ఎస్టిమేట్‌లో తొలిసారి ఆ మాట కనబడింది. మీకు పనికొచ్చే కాగితం ఇదే, ఒరిజినల్ జాగ్రత్త. ప్రెషర్ టెస్టు రిపోర్టు కూడా అడగండి. క్రౌన్ బిగించి గాలి ఒత్తిడితో పరీక్షించినప్పుడు కూడా లీకైతే, మీరు బిగించలేదన్న వాదనకు బలం ఉండదు. లీకు కాకపోతే మాత్రం మీ పక్షం బలహీనమే, దాచి లాభం లేదు. రిపోర్టు ఇవ్వకపోతే ఇవ్వలేదనే వినియోగదారుల కమిషన్‌కు చెబుదాం. చట్టంలోని సెక్షన్ 38 కింద కమిషనే వాచీకి సీలు వేసి ల్యాబ్‌కు పంపవచ్చు. దాని ఫీజు ముందుగా మీరే జమ చేయాల్సి రావచ్చు.

ముంబై షరతుకు భయపడకండి. ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేసుకునే హక్కు సెక్షన్ 34 ఇచ్చింది. కార్డు మీద అచ్చేసిన ఒక వాక్యం దాన్ని తీసేయలేదు. పైగా మీరు కొన్నదీ విశాఖలోనే. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయండి. వస్తువుకు కట్టిన ధర రూ.5 లక్షల లోపు కాబట్టి కోర్టు ఫీజు లేదు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా కూడా దాఖలు చేయవచ్చు. గడువు రెండేళ్లు. ఆవిరి కనబడ్డ రోజు నుంచే లెక్కేసుకోండి, ‘చూస్తాం సార్’ అన్న ఫోన్లతో కాలం గడిపేయకండి.

షోరూంతో పాటు దిగుమతిదారును కూడా ప్రతివాదిగా చేర్చండి. పేరు, చిరునామా కోసం వెతకనక్కర్లేదు, ఎమ్మార్పీ ఉన్న స్టిక్కరు మీదే ఉంటాయి. వాచీ పెట్టె పారేయలేదు కదా? ముందు ఒక నోటీసు స్పీడ్ పోస్టులో పంపి 15 రోజులు చూడండి. చట్టప్రకారం తప్పనిసరి కాదు కానీ, చాలా కంపెనీలు ఆ దశలోనే దిగివస్తాయి. వాచీ మార్చడమో, పూర్తి ధర వాపసో అడగండి, ఖర్చులు కలపండి. మానసిక వేదనకు పది లక్షలని మాత్రం రాయకండి. బిల్లు, వారంటీ కార్డు, జాబ్ షీట్, ఎస్టిమేట్, ఆవిరి పట్టిన ఫొటోలు తీసుకుని, వాచీ చేతికి రాగానే కలవండి. ఈలోగా ఎండలో పెట్టి ఆరబెట్టొద్దు, క్రౌన్ ముట్టుకోవద్దు.