తేరిన నీటిలో ఏం మిగిలింది?

చిరంజీవికి ఆశీస్సులు.

వాన గురించీ, అవక్షేపాల (నీటిలో కరిగి ఉన్నది కరగని రూపంలోకి మారి అడుగుకు దిగే పదార్థాల) గురించీ నువ్వు రాసి పంపిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివానమ్మా. భాష శుభ్రంగా ఉంది, సమీకరణాలు సరిగ్గా ఉన్నాయి. అయినా చదవడం ముగించేసరికి, పదో తరగతి పాఠ్యపుస్తకం ఆగిన చోటే నీ వ్యాసమూ ఆగిపోయిందనిపించింది. సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ఉప్పునీరు పోస్తే తెల్లటి సిల్వర్ క్లోరైడ్ దిగుతుందనీ, లెడ్ నైట్రేట్‌లో పొటాషియం అయొడైడ్ కలిపితే పసుపుపచ్చని అవక్షేపం వస్తుందనీ రాశావు. పరీక్షనాళిక అడుగున చేరిన రంగును చూశావు గాని, పైన నిలిచిన ద్రవం సంగతి పట్టించుకోలేదు. ఈ విషయం మీద రాయదలచుకున్న నీకు నేను చెప్పదలచింది ప్రధానంగా ఒక్కటే: ఏది అడుగుకు దిగిందో ఎంత శ్రద్ధగా రాస్తావో, ఏది నీటిలోనే ఉండిపోయిందో కూడా అంతే శ్రద్ధగా రాయి. మనుషుల ఒంటి మీద కనిపించే ప్రభావం చాలాసార్లు ఆ మిగిలినదాని వల్లనే కలుగుతుంది.

నల్లగొండ జిల్లా ఇందుకు తగిన ఉదాహరణ. అక్కడి నేల కింద ఉన్నది గ్రానైట్ శిల. ఆ శిలలోని కొన్ని ఖనిజాలలో ఫ్లోరిన్ ఉంటుంది. వాన నీరు మట్టిలో ఇంకుతూ, వేళ్ళూ సూక్ష్మజీవులూ విడిచిన కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని, కాస్త ఆమ్లగుణంతో రాతిని నెమ్మదిగా అరగదీస్తుంది. అలా కాల్షియం, సోడియం, బైకార్బొనేట్, వాటితో పాటు కొద్దికొద్దిగా ఫ్లోరైడ్ (ఫ్లోరిన్ నీటిలో కరిగి ఉండే రూపం) నీటిలో చేరుతాయి. వానలు తక్కువగా, ఎండలు తీవ్రంగా ఉండే ప్రాంతం కావడంతో నీరు ఆవిరై లవణాలు చిక్కబడతాయి. అప్పుడు ముందుగా విడిపోయేది కాల్షియం కార్బొనేట్. మట్టి పొరల్లో తెల్లని సున్నపు గడ్డలుగా కనిపించేది అదే. ఇంతవరకు ఎవరైనా రాస్తారు. అసలు కథ ఆ తర్వాత మొదలవుతుంది. నీటిలో కాల్షియం సమృద్ధిగా ఉన్నంతకాలం ఫ్లోరైడ్ ఒక మట్టం దాటి పెరగలేదు, ఎందుకంటే ఆ రెండూ కలిసి కాల్షియం ఫ్లోరైడ్‌గా అవక్షేపిస్తాయి. కాల్షియం సున్నపు గడ్డల్లోకి వెళ్ళిపోయాక ఫ్లోరైడ్‌ను పట్టి ఆపేది లేక, అది బావిలోకీ బోరులోకీ వచ్చే నీటిలోనే ఉండిపోతుంది. ఆ నీరు కంటికి తేటగానే కనిపిస్తుంది. పళ్ళ మీద గోధుమరంగు చారలు, పెద్దయ్యాక బిగుసుకుపోయే వెన్నెముక, వంకర తిరిగే కాళ్ళు ఆ తేట నీరు ఏళ్ళ తరబడి తాగిన ఫలితాలు. 1937లోనే అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ అనే ఈ వ్యాధి ఉన్నట్టు వైద్య పరిశోధకులు ప్రకటించారు. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు.

ఈ సమస్యకు వెదికిన పరిష్కారం కూడా అవక్షేపమే కావడం నీ వ్యాసానికి ఎంతో బలమిచ్చే విషయం, దాన్ని వదులుకోకు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన నల్లగొండ పద్ధతిలో నీటికి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, బాగా తిప్పి, తేరనిస్తారు. సున్నం ఒక్కటే వేస్తే సరిపోదా అని నీ పాఠకుడు తప్పక అడుగుతాడు. కాల్షియం ఫ్లోరైడ్ నీటిలో బొత్తిగా కరగని పదార్థం కాదు. శుద్ధజలంలో అది కరిగినంత కరిగినప్పుడు లీటరుకు దాదాపు 8 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటుంది, కాబట్టి సున్నంతో మాత్రమే ఫ్లోరైడ్‌ను 1.5కు దించడం కష్టం. అందుకే పటిక కావలసి వచ్చింది. పటికలోని అల్యూమినియం, సున్నం ఇచ్చే క్షారగుణం వల్ల దూదిపింజల వంటి అల్యూమినియం హైడ్రాక్సైడ్‌గా మారి, ఫ్లోరైడ్‌ను తనకు అంటించుకొని కిందికి దిగుతుంది. ఇక్కడ "ఫ్లోరైడ్ తొలగిపోతుంది" అని రాసి ముగించవద్దు. అది తొలగిపోలేదు, అడుగున ఉన్న మడ్డిలోకి మారింది. ఆ మడ్డిని బోరు పక్కనే పారబోస్తే వాన దాన్ని మళ్ళీ నేలలోకి తీసుకువెళ్ళగలదు. పటిక మోతాదు తప్పితే పైన తేరిన నీటిలో అల్యూమినియం మిగులుతుంది. దానికి అనుమతించిన గరిష్ఠ పరిమితి లీటరుకు 0.2 మిల్లీగ్రాములే.

పటిక ప్రస్తావన వచ్చింది కనుక నీ వ్యాసంలోని ఒక పొరపాటు చెబుతాను. పటికతోనో, చిల్లగింజ అరగదీసో బురదనీటిని తేర్చడాన్ని నువ్వు అవక్షేపణం అన్నావు. బురద ఎన్నడూ నీటిలో కరిగి లేదు; ఒకే రకం విద్యుదావేశం వల్ల ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతున్న సన్నని మట్టి రేణువులవి. ఆ ఆవేశం పోగానే అవి గుంపుకట్టి దిగుతాయి. కరిగి ఉన్నది కరగని రూపంలోకి మారడం అవక్షేపణం, తేలుతున్నది గుంపుకట్టి దిగడం స్కందనం. పటిక వేసిన బిందెలో ఈ రెండూ కలిసే జరుగుతాయి కాబట్టి, ఏది ఏదో విడమరిచి చెప్పే బాధ్యత రాసేవారిదే.

వాన భాగాన్ని విడిగా చివర పెట్టావు. దాన్ని మొదటికి తీసుకురా. మేఘంలో ఆవిరి నీటిచుక్కగా మారడానికి ధూళి రేణువో, సముద్రపు ఉప్పు కణమో ఆధారం కావాలి; అలాంటి మేఘబిందువులు ఇంచుమించు పది లక్షలు కలిస్తే ఒక వానచుక్క అవుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరగడం వల్ల కాలుష్యం లేని చోట కూడా వాన నీటి పీహెచ్ (7 కంటే తగ్గితే ఆమ్లగుణం ఉన్నట్టు) సుమారు 5.6 ఉంటుంది. బొర్రా గుహల్లో వేలాడే సున్నపురాతి స్తంభాలకు మూలం మట్టిలో మరింత పెరిగే ఆ కొద్దిపాటి ఆమ్లమే. అయితే అక్కడ నీరు ఆవిరవడం వల్లనే రాయి పేరుకుంటుందని రాశావు. ముఖ్య కారణం అది కాదు. మట్టిలో కార్బన్ డయాక్సైడ్‌ను దండిగా నింపుకొని సున్నపురాతిని కరిగించుకున్న నీరు గుహలోని గాలిని తాకగానే ఆ వాయువును వదిలేస్తుంది, దాంతో కాల్షియం కార్బొనేట్ కరిగి ఉండలేక విడిపోతుంది. బోరు నుంచి వచ్చే కఠినజలం కాచిన గిన్నెకు పట్టే తెల్లటి పెచ్చు కూడా ఇంచుమించు ఇలాంటిదే. వర్షపాతం అంకెలను కూడా పాఠకుడి చేతికి అందేలా చెప్పు: 5 సెంటీమీటర్ల వాన అంటే ఎకరం నేల మీద సుమారు 2 లక్షల లీటర్ల నీరు.

బేరియం గురించి రాసిన పేరా చాలా బాగుంది, దాన్ని అలాగే ఉంచు. నీటిలో కరిగే బేరియం లవణాలు విషమే అయినా, దాదాపు కరగని బేరియం సల్ఫేట్‌ను ఎక్స్‌రేకు ముందు రోగి చేత తాగించగలుగుతున్నారన్న ఒక్క సంగతితో, కరగడానికీ కరగకపోవడానికీ ఉన్న తేడా ప్రాణానికి సంబంధించినదని తెలిసిపోతుంది.

తిరగరాసే ముందు వీలైతే నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ వైపు వెళ్ళి రా. మిషన్ భగీరథ కింద కృష్ణా నీరు తాగడానికి వస్తున్న ఊళ్ళలో పాత బోరు నీటిని ఇప్పుడు దేనికి వాడుతున్నారో, పశువులకు ఏ నీరు పెడుతున్నారో అక్కడి రైతులను అడుగు. వారు చెప్పింది కలిపి రాసిన ప్రతిని నాకు పంపు, చదువుతాను.