పూల యాప్‌కు అంత లొకేషన్ ఎందుకు?

ప్రశ్న: మ్యూనిక్‌లో ఉంటాం. వారాంతాల్లో ఆల్ప్స్‌కు వెళ్లినప్పుడు పూల ఫొటోలు తీసి యాప్‌లో పెడితే, ఒకే నీలం పువ్వుకు ఒకసారి ఒక పేరు, మరోసారి ఇంకో పేరు వస్తోంది. మంచి యాప్ చెప్పండి.

జవాబు: యాప్ మార్చి లాభం లేదు, ఫొటో మార్చండి. ఇలా అడిగేవాళ్లు పంపేది దాదాపు ఒకే రకం ఫొటో: నిలబడి పైనుంచి తీసిన పువ్వు. మీది నేలకు అంటుకుని పూసే గంట ఆకారపు జెన్షియన్ అయితే, చిక్కు రెండు జాతుల మధ్య. ఒకటి అకాలిస్, ఇంకోటి క్లూసియై. అకాలిస్ పువ్వు గొట్టం లోపల ఆకుపచ్చ చారలుంటాయి, అది సున్నం లేని నేలల్లో పెరుగుతుంది. సున్నపురాతి నేలల్లోని క్లూసియైకి ఆ చారలు దాదాపు ఉండవు. ఫోన్ కెమెరా నీలాన్ని ముదురు చేసి, గొట్టం లోపలంతా నల్లగా చూపిస్తుంది. లోపలి భాగం మీద వేలు పెట్టి ఫోకస్ చేసి, వెలుగు కాస్త పెంచండి. పక్కనుంచి ఒకటి, ఆకుల అమరికకు ఒకటి, ఆకు వెనక ఒకటి తీసి, అన్నీ ఒకే ఎంట్రీలో కలపండి.

ఆకు వెనక ఫొటో అలంకారానికి కాదు. పూత రాకముందు పసుపు జెన్షియన్‌నూ, వెరాట్రమ్ అనే విషపు మొక్కనూ చూస్తే ఒకటే అనిపిస్తాయి. మొదటిదానికి ఆకులు ఎదురెదురుగా జంటలుగా వస్తాయి. రెండోదానికి ఒకటి విడిచి ఒకటి, పైగా వెనకవైపు నూగు. సారాయి కోసం జెన్షియన్ వేరు తవ్వబోయి వెరాట్రమ్ తవ్వి విషం పాలైనవాళ్లున్నారు. ఈ తేడా అడక్కుండానే ‘97 శాతం ఖాయం’ అని చూపించే యాప్‌ను ఏమనాలి? ఆ అంకె తనకు తెలిసిన జాబితాలో పోలిక ఎంతో చెబుతుంది, అంతే. తినే విషయంలో దాన్ని నమ్మకండి.

నన్ను ఎక్కువ భయపెట్టేది లొకేషన్. లేడీస్ స్లిప్పర్ ఆర్కిడ్‌ను జనం కోసుకుని, తవ్వుకుని పోతే బ్రిటన్‌లో తెలిసిన మొక్క యార్క్‌షైర్‌లో ఒక్కటే మిగిలింది. అలాంటి పువ్వు ఫొటోను జీపీఎస్ అంకెలతో బహిరంగంగా పెడితే దొంగకు దారి చూపినట్టే. ఎంట్రీలన్నీ ముందే ‘పబ్లిక్’ చేసిపెట్టే డిజైన్ సోమరితనం. యాప్ సెట్టింగుల్లో అది ఆపండి. ఆండ్రాయిడ్‌లో యాప్ అనుమతుల్లోకి వెళ్లి ‘వాడుతున్నప్పుడు మాత్రమే’ ఎంచి, ప్రిసైజ్ లొకేషన్ ఆఫ్ చేయండి. జాతి గుర్తించడానికి ఏ ప్రాంతమో తెలిస్తే చాలు, ఏ రాయి పక్కనో అక్కర్లేదు. గ్యాలరీ అంతా కాకుండా ఎంచుకున్న ఫొటోలకే అనుమతివ్వండి. ఫొటోలోనే జీపీఎస్ అంకెలు దాచే లొకేషన్ ట్యాగ్‌ను కూడా కెమెరా సెట్టింగుల్లో తీసేయండి. లేకపోతే మెసేజింగ్ యాప్‌లో ఫొటోను ‘డాక్యుమెంట్’గా పంపితే ఆ అంకెలు చెక్కుచెదరకుండా అవతలికి చేరతాయి.